బిడ్డ తల కిందికి దిగడం – నెలలు నిండిన తల్లీ, ఇంట్లోవారూ తెలుసుకోవలసిన విషయాలు



గర్భిణీ స్త్రీల చెకప్ రోజున మా ఓ.పి.లో అందరికంటె ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటుంది. "సిస్టరుగారూ, బిడ్డ కిందికి దిగిందా?" ఈ ప్రశ్న చాలాసార్లు గర్భిణి అడగదు. ఆమె వెనుక నిలబడిన తల్లిగాని, అత్తగారుగాని అడుగుతారు. దిగిందని చెబితే సంతోషం. ఇంకా దిగలేదని చెబితే మొహాలు చిన్నబోతాయి. "పక్కింటి పిల్లకు తొమ్మిదో నెల రాగానే దిగిందట, మా అమ్మాయికి ఎందుకు దిగలేదు? ఆపరేషన్ చేయాలంటారా?" అని భయపడతారు.

చెకప్ గదిలో ఒక్కొక్కరికి పది నిమిషాలు కూర్చుని వివరించే వీలు మాకు దొరకడం లేదు. అందుకని ఈ నెల పాఠంగా ఈ విషయాన్నే తీసుకున్నాము. నెమ్మదిగా చదవండి. చదవలేని పెద్దలుంటే ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి. ముఖ్యంగా భర్తలు దీన్ని తప్పక చదవాలి.

1. బిడ్డ దాటవలసిన ఎముకల గుమ్మం

మన నడుము కింద ఎముకలన్నీ కలిసి ఒక గూడులాగా ఉంటాయి. దానినే కటి వలయం అంటారు. ముందువైపు పొత్తికడుపు కింద చేతికి తగిలే ఎముక, ఇరుపక్కల తుంటి ఎముకలు, వెనుక నడుము కింది ఎముక కలిసి ఈ వలయం ఏర్పడుతుంది. గర్భసంచిలో పెరిగిన బిడ్డ బయటికి రావాలంటే ఈ ఎముకల గుమ్మం దాటాలి.

ఈ గుమ్మం పైన ఒక ఆకారంలోను, కింద మరొక ఆకారంలోను ఉంటుంది. పై ద్వారం అడ్డంగా వెడల్పు ఎక్కువ. అడ్డంగా సుమారు 13 సెంటీమీటర్లు, ముందు నుండి వెనక్కు సుమారు 11 సెంటీమీటర్లు ఉంటుంది. కింది ద్వారం దగ్గర దీనికి భిన్నంగా ముందు నుండి వెనక్కు ఎక్కువ చోటు ఉంటుంది. గడ్డం ఛాతీకి ఆనించి తల బాగా వంచుకున్న బిడ్డకు, దారిలో పట్టవలసిన తల కొలత సుమారు 9.5 సెంటీమీటర్లు. అంటే చోటు ఉంది, కాని విశాలంగా లేదు.

మన ఇళ్ళలో నులకమంచాన్ని గదిలోకి తీసుకువెళ్ళేటప్పుడు ఏమి చేస్తాము? తిన్నగా తోస్తే గుమ్మానికి తగులుతుంది. కాస్త పక్కకు తిప్పి, వంచి, లోపలికి వెళ్ళాక మళ్ళీ తిప్పుతాము. బిడ్డ కూడా అదే పని చేస్తుంది. పై ద్వారంలో ప్రవేశించేటప్పుడు సాధారణంగా తల్లి పక్కవైపుకు మొహం పెట్టుకుని దిగుతుంది. లోపలికి వచ్చాక నొప్పుల బలానికి తల తిప్పుకుని, తల్లి వీపు వైపుకు మొహం పెట్టి బయటికి వస్తుంది. బిడ్డ పుర్రె ఎముకలు పెద్దవారి ఎముకల్లాగా అతుక్కుని ఉండవు. మాడు దగ్గర, అతుకుల దగ్గర సందులుంటాయి. అందువల్ల అవి కొద్దిగా ఒకదానిమీద ఒకటి జరిగి తల దారికి తగినట్టు సర్దుకుంటుంది. పుట్టిన రోజున బిడ్డ తల కొంచెం పొడుగుగా కనిపించడానికి కారణం ఇదే. కొద్ది రోజులలో అది దానంతట అదే సరి అవుతుంది. తలను చేతులతో నొక్కి గుండ్రంగా చేయవలసిన పని లేదు, చేయకూడదు కూడా.

2. "దిగింది" అంటే అర్థం ఏమిటి?

బిడ్డ తలలో అన్నిటికంటె వెడల్పైన భాగం పై ద్వారాన్ని దాటి లోపలికి వస్తే "తల దిగింది" అంటాము. కొందరు డాక్టర్లు "హెడ్ ఫిక్స్ అయింది" అని కూడా అంటారు.

ఇది ఎందువల్ల జరుగుతుంది? గర్భం చివరి మూడు నెలలలో గర్భసంచి కింది భాగం పలుచబడి, సాగి, తలకు చోటు ఇస్తుంది. తల్లి శరీరంలోని హార్మోనుల వల్ల కటి ఎముకల కీళ్ళు, కింది కండరాలు కొంచెం వదులవుతాయి. అప్పుడప్పుడు కడుపు గట్టిపడి వదిలే తేలికపాటి బిగింపులు బిడ్డను కిందికి నెడతాయి. ఇవన్నీ కలిసి తలను గుమ్మంలోకి చేరుస్తాయి.

సుమారు 36 వారాలకు గర్భసంచి పైఅంచు రొమ్ముల మధ్య ఎముక కొన దాకా చేరుతుంది. తల దిగిన తరువాత ఆ అంచు కొంచెం కిందికి వస్తుంది. "కడుపు జారింది" అని మన పెద్దలు చూసి చెప్పేది దీనినే. వారి చూపు తప్పు కాదు. అయితే కంటితో చూసి చెప్పేదానికీ, చేతితో పరీక్షించి చెప్పేదానికీ తేడా ఉంటుంది. పొట్ట కండరాలు వదులుగా ఉన్న తల్లికి తల దిగకపోయినా కడుపు జారినట్టు కనిపిస్తుంది.

3. మేము ఎలా తెలుసుకుంటాము?

ముందు తల్లిని మూత్రానికి వెళ్ళి రమ్మంటాము. మూత్రపు సంచి నిండి ఉంటే తల పైకి నెట్టబడి, దిగనట్టు తెలుస్తుంది. తరువాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు కొంచెం మడిపించి, రెండు చేతులతో పొత్తికడుపు మీద నెమ్మదిగా తాకి చూస్తాము. చేతులతో ఇలా వరుసగా పరీక్షించే పద్ధతిని 19వ శతాబ్దం చివరలో జర్మనీకి చెందిన లియోపోల్డ్ అనే డాక్టరు క్రమపరచి చెప్పాడు. ఇన్ని యంత్రాలు వచ్చినా ఈ చేతి పరీక్ష విలువ తగ్గలేదు.

తల మొత్తాన్ని ఐదు భాగాలుగా లెక్కవేస్తాము. ఎముక పైన ఎన్ని వేళ్ళ మేర తల తగులుతుందో చూస్తాము. ఐదు వేళ్ళ మేర తగిలితే తల పూర్తిగా పైనే ఉంది. చేతితో అటూ ఇటూ కదిపితే కదులుతుంది. మూడు వేళ్ళంటే దిగుతూ ఉంది. రెండు వేళ్ళు, అంతకు తక్కువ తగిలితే తల దిగినట్టే. మీ కార్డులో 5/5, 4/5, 3/5, 2/5 అని రాసేది ఇదే. అంకె తగ్గేకొద్దీ బిడ్డ కిందికి వస్తున్నట్టు. మార్కులలాగా ఎక్కువ వస్తే మంచిదనుకోకండి!

4. తల్లికి కనిపించే మార్పులు

తల దిగిన తరువాత తల్లికి కొన్ని విషయాలలో సుఖం, కొన్ని విషయాలలో కష్టం కలుగుతుంది.

సుఖం ఏమిటంటే, ఊపిరితిత్తుల కింద ఒత్తిడి తగ్గి ఊపిరి హాయిగా ఆడుతుంది. నాలుగు మెతుకులు తినగానే కడుపు నిండిపోయే బాధ, ఛాతీలో మంట తగ్గుతాయి.

కష్టం ఏమిటంటే, పైనున్న బరువు కిందికి వచ్చింది కదా! మూత్రపు సంచి మీద ఒత్తిడి పడి మాటిమాటికి మూత్రం వస్తుంది. కాళ్ళ మధ్య బరువుగా, ఏదో అడ్డం పడినట్టు ఉంటుంది. నడక బాతు నడకలా మారుతుంది. నడుము నొప్పి, తొడలలోకి జివ్వున లాగడం, మలబద్ధకం, మొలలు, పాదాల వాపు, తెల్లబట్ట కొంచెం ఎక్కువ కావడం జరగవచ్చు.

వీటికి మేము చెప్పే జాగ్రత్తలు:

– రాత్రి మాటిమాటికి లేవవలసి వస్తోందని నీళ్ళు తాగడం మానకండి. పగలు బాగా తాగి, పడుకునే ముందు గంట రెండు గంటలు తగ్గించండి. మూత్రం ఆపుకోకండి. మంట, జ్వరం ఉంటే పరీక్ష చేయించుకోండి.

– పడుకునేటప్పుడు పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి. ఏ పక్కకైనా మంచిదే, ఎడమ పక్క ఇంకా మంచిది. వెల్లకిలా నిద్రపోకండి. లేచేటప్పుడు పక్కకు తిరిగి చేతి ఊతతో లేవండి.

– ఆకుకూరలు, పండ్లు, పప్పు, మజ్జిగ తీసుకోండి. ఐరన్ మాత్రలు మలబద్ధకం చేస్తున్నాయని మానివేయకండి. మాకు చెప్పండి, దానికి మందు ఇస్తాము.

– ఉదయం సాయంత్రం కాసేపు నడవండి. బరువులు ఎత్తకండి. నీళ్ళ బిందె మోయడం ఇంట్లో వేరొకరు చూసుకోవాలి.

– పాదాల వాపుతోపాటు మొహం, చేతులు వాచినా, తలనొప్పి ఉన్నా, కళ్ళు మసకలు కమ్మినా, కడుపు పైభాగంలో నొప్పి ఉన్నా అది తల దిగినందువల్ల కాదు. బి.పి. పెరిగిన గుర్తు కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి రండి.

5. తొలిచూలుకు ఒక లెక్క, మలిచూలుకు ఒక లెక్క

తొలిచూలు గర్భిణికి సాధారణంగా కాన్పుకు రెండు నుండి నాలుగు వారాల ముందు తల దిగుతుంది. అంటే 36 వారాలు దాటాక. అయినా తొలిచూలులో కూడా చాలామందికి నొప్పులు మొదలయ్యాకే దిగుతుంది. వారిలో ఎందరో మామూలుగానే ప్రసవిస్తారు.

రెండవ, మూడవ కాన్పులకైతే నొప్పులు వచ్చేదాకా తల పైనే ఉండడం మామూలు. వారి పొట్ట కండరాలు ముందే సాగి ఉంటాయి కనుక బిడ్డకు పైన చోటు ఎక్కువ. నొప్పులు మొదలయ్యాక తల త్వరగా దిగిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తల దిగినంత మాత్రాన రేపే కాన్పు అని కాదు. కొందరికి దిగిన తరువాత మూడు నాలుగు వారాలు పడుతుంది. దిగలేదు కనుక కాన్పు ఇంకా దూరం ఉందనీ కాదు. ఆ రాత్రికే నొప్పులు రావచ్చు.

6. దిగకపోతే కారణాలు ఏమిటి?

37, 38 వారాలు దాటినా తొలిచూలు బిడ్డ తల పైనే ఉంటే మేము కారణం వెతుకుతాము. ఒక సాధారణమైన కారణం లెక్క తప్పడం. మేము నెలలు కాక వారాలు లెక్కపెడతాము. ఆఖరుసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుండి 40 వారాలు, అనగా 280 రోజులు. ఆ తేదీ గుర్తులేకపోతే, మొదటి మూడు నెలలలో తీయించిన స్కానింగ్ కాగితం చాలా ఉపయోగపడుతుంది. దానిని పారవేయకండి.

బిడ్డ వీపు తల్లి వెన్ను వైపు ఉంటే తల సరిగా వంగక, ఆలస్యంగా దిగుతుంది. ఉమ్మనీరు ఎక్కువ ఉన్నా, కవల పిల్లలైనా, బిడ్డ పెద్దదైనా, షుగరు ఉన్న తల్లికైనా తల పైన ఉండవచ్చు. గర్భసంచిలో గడ్డలు, తల్లి ఎముకల దారి ఇరుకుగా ఉండడం కూడా కారణాలు కావచ్చు. 140 సెంటీమీటర్ల కంటె పొట్టిగా ఉన్న తల్లులను, చిన్నతనంలో పోలియోగాని, నడుము దెబ్బగాని తగిలినవారిని మేము ప్రత్యేకంగా చూస్తాము.

మాయ కిందికి ఉండి గర్భసంచి ద్వారాన్ని కప్పివేస్తే కూడా తల దిగదు. ఇది ప్రమాదకరం. నొప్పి లేకుండా ఎర్రటి రక్తం పోవడం దీని గుర్తు. స్కానింగ్‌లో తెలుస్తుంది. రక్తం పోతే ఎంత కొంచెమైనా, ఆగిపోయినా సరే, వెంటనే రావాలి. ఇంటి దగ్గర ఎవరినీ లోపల చెయ్యి పెట్టి చూడనివ్వకండి.

కొందరికి అసలు కింద ఉన్నది తల కాదు. ఎదురుకాళ్ళుగాని, అడ్డంగాగాని ఉంటుంది. ఎదురుకాళ్ళు ఉన్న బిడ్డను 36, 37 వారాల తరువాత అనుభవం ఉన్న డాక్టరు, ఆపరేషన్ సౌకర్యం ఉన్నచోట, స్కానింగ్ చూసుకుంటూ బయటినుండి తిప్పడానికి ప్రయత్నించవచ్చు. అందరికీ అది పనికిరాదు. ఇంటి దగ్గర నూనె రాసి కడుపు పిసికి తిప్పించడం వేరు, ఇది వేరు. పిసికితే మాయ విడిపోయి తల్లికి, బిడ్డకు ప్రాణాపాయం కలుగుతుంది.

తల దిగకపోవడం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. ఎముకల దారిలో బిడ్డ పడుతుందో లేదో తేల్చి చెప్పేది చాలావరకు మంచి నొప్పులే. నొప్పులు వచ్చి, ద్వారం తెరుచుకుంటూ, తల గంట గంటకు దిగుతూ ఉంటే వేచి ఉంటాము. నొప్పులు బాగా ఉన్నా తల దిగకపోతే, బిడ్డ గుండె చప్పుడు మారితే, అప్పుడు ఆలస్యం చేయకూడదు. ఆ వేళ డాక్టరు ఆపరేషన్ అని చెప్పినప్పుడు "పెద్దవాళ్ళను అడిగి రేపు చెబుతాము" అనకండి.

7. మేము నేర్చుకున్న పాఠం

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇక్కడ చెప్పాలి. కొన్ని సంవత్సరాల క్రిందట రెండవ కాన్పు గర్భిణి ఒకామె మా చెకప్‌కు వచ్చింది. 38 వారాలు. ఉమ్మనీరు కొంచెం ఎక్కువగా ఉంది. తల పూర్తిగా పైన ఉంది. మేము కార్డులో 5/5 అని రాసి, "ఇంకా దిగలేదమ్మా, రెండవ కాన్పే కదా, కంగారులేదు, వచ్చే వారం రా" అని పంపాము. చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. కాని చెప్పవలసిన మాట ఒకటి చెప్పలేదు.

మూడు రోజుల తరువాత, తెల్లవారుజామున ఆమెకు ఉమ్మనీరు పోయింది. నొప్పులు లేవు. నొప్పులు రానిదే ఆసుపత్రికి ఏమి వెళతామని ఇంట్లోవారు అనుకున్నారు. ఆమె లేచి స్నానం చేసింది. వంట చేసి పెద్దబిడ్డకు పెట్టింది. వెలుగు వచ్చాక రోడ్డు దాకా నడిచి ఆటో ఎక్కింది. దారిలో కాళ్ళ మధ్య ఏదో జారినట్టు అనిపించింది. మగవారి ఎదుట చెప్పడానికి సిగ్గుపడి ఊరుకుంది. ఆమె మా లేబర్ రూముకు వచ్చేసరికి బొడ్డుతాడు బయట ఉంది. బిడ్డ గుండె చప్పుడు లేదు.

ఎందుకిలా జరిగింది? తల కిందికి దిగి గుమ్మాన్ని మూసి ఉంటే, నీరు పోయినా బొడ్డుతాడు జారడానికి సందు ఉండదు. తల పైన ఉన్నప్పుడు నీరు ఒక్కసారిగా పోతే, ఆ నీటితోపాటు బొడ్డుతాడు తలకంటె ముందు జారవచ్చు. తరువాత దిగే తల ఆ తాడును ఎముకకు నొక్కుతుంది. బిడ్డకు రక్తం ఆగిపోతుంది. ఇది అరుదుగా జరిగేదే. జరిగినప్పుడు మాత్రం లెక్క నిమిషాలలోనే ఉంటుంది.

ఆ తల్లి అడిగిన మాట మాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "పడుకుని రమ్మని మీరు ఒక్కమాట చెప్పి ఉంటే వచ్చేదాన్నిగా, సిస్టరుగారూ." ఆమెదీ తప్పు కాదు, ఆమె అత్తగారిదీ తప్పు కాదు. తప్పు మాది. ఆ రోజు నుండి తల పైన ఉన్న ప్రతి గర్భిణి కార్డు మీద తెలుగులో రాస్తున్నాము: "నీరు పోతే నడవకూడదు. పడుకుని, వెంటనే రావాలి." చదవలేనివారికి నోటితో చెప్పి, తిరిగి వారిచేత చెప్పించుకుంటాము. మరి రెండేళ్ళకు ఆ తల్లి మళ్ళీ గర్భవతి అయి వచ్చింది. ఈసారి 39 వారాలకే ఆసుపత్రిలో చేర్చుకున్నాము. క్షేమంగా ప్రసవించింది. అయినా ముందటి బిడ్డను ఆమె మరచిపోలేదు, మేమూ మరచిపోలేదు.

8. ఉమ్మనీరు పోతే ఏమి చేయాలి?

– సమయం చూసుకోండి. శుభ్రమైన బట్ట పెట్టుకుని నీటి రంగు చూడండి. తెల్లగా ఉండవచ్చు. పచ్చగా, నల్లగా, ఎర్రగా, లేక వాసనగా ఉంటే ఇంకా తొందర పడాలి.

– నొప్పులు లేకపోయినా రావాలి. తల దిగి ఉన్నా రావాలి. ఆలస్యమైతే లోపలికి క్రిములు చేరతాయి.

– తల పైన ఉందని, ఎదురుకాళ్ళని, ఉమ్మనీరు ఎక్కువని మేము చెప్పి ఉంటే లేచి తిరగకండి. ఎడమ పక్కకు పడుకుని, తుంటి కింద రెండు దిండ్లు పెట్టుకోండి. 108కి ఫోన్ చేయించండి. ఆ వాహనంలో పడుకుని రావచ్చు. విషయం ముందుగానే వారికి చెప్పండి.

– కాళ్ళ మధ్య తాడులాగా ఏదైనా తగిలినా, కనిపించినా సిగ్గుపడకండి, వెంటనే చెప్పండి. మోకాళ్ళ మీద వంగి, ఛాతీ నేలకు ఆనించి, తుంటి పైకెత్తి ఉండండి. వాహనంలో ఎడమ పక్కకు పడుకుని తుంటి ఎత్తుగా ఉంచండి. తాడును ముట్టుకోకండి, లోపలికి నెట్టకండి. దగ్గరలో ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే వెళ్ళండి.

9. బిడ్డ దిగితే కదలికలు తగ్గుతాయా?

తగ్గవు. ఇది చాలామందికి ఉన్న పొరపాటు అభిప్రాయం. తల దిగిన తరువాత తల కదలడం తగ్గి, కాళ్ళ తన్నులు పైన తెలుస్తాయి. కదలికల తీరు మారవచ్చు, కాని బిడ్డ కదలడం మానదు. కాన్పు దాకా, నొప్పులలో కూడా బిడ్డ కదులుతూనే ఉంటుంది.

మీ బిడ్డ రోజులో ఎప్పుడెప్పుడు ఎలా కదులుతుందో మీకే బాగా తెలుసు. ఆ అలవాటు తప్పి తగ్గిందనిపిస్తే, ఏదైనా తిని ఎడమ పక్కకు పడుకుని, చెయ్యి కడుపు మీద పెట్టి గమనించండి. రెండు గంటలలో పదిసార్లు కూడా కదలకపోతే ఆ రోజే, ఆ వేళే రండి. అసలే కదలకపోతే రెండు గంటలు కూడా ఆగకండి. "బిడ్డ దిగింది కదా, అందుకే నెమ్మదించింది" అని ఎవరు చెప్పినా వినకండి. వచ్చి చూపించుకుని అంతా బాగుందని వెళితే మేమేమీ అనుకోము. సంతోషిస్తాము.

10. మన ఊళ్ళలో అనుకునే మాటలు

"కడుపు కిందికి ఉంటే మగపిల్లవాడు, పైకి ఉంటే ఆడపిల్ల" అంటారు. కడుపు ఆకారం తల్లి కండరాలను, బిడ్డ ఉన్న తీరును బట్టి ఉంటుంది. దానికీ ఆడా మగా తేడాకూ సంబంధం లేదు. పుట్టకముందే ఆడో మగో చెప్పడం, చెప్పమని అడగడం 1994 చట్టం ప్రకారం నేరం కూడాను.

"తొమ్మిదో నెలలో తక్కువ తింటే బిడ్డ చిన్నదై సులువుగా దిగుతుంది." ఇది చాలా హాని చేసే మాట. తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది, దారి మాత్రం వెడల్పు కాదు.

"నెయ్యి ఎక్కువగా తింటే బిడ్డ జారుతుంది." తిన్న నెయ్యి కడుపులో అరుగుతుంది. గర్భసంచిలోకి వెళ్ళే దారి దానికి లేదు. అన్నంలో ఒక చెంచా వేసుకుంటే తప్పులేదు.

"ఆముదం తాగితే బిడ్డ దిగి నొప్పులు వస్తాయి." విరేచనాలు వస్తాయి, నీరసం వస్తుంది. దానితో కాన్పు సులువు కాదు. తాగకండి.

"ఇల్లు ఊడిస్తే, గొంతుకూర్చుంటే దిగుతుంది." నడక, తేలికపాటి ఇంటిపని మంచివే. సుఖంగా ఉన్నంతసేపు గొంతుకూర్చోవచ్చు. అయితే రక్తస్రావం, మాయ కిందికి ఉండడం, బి.పి. వంటివి ఉన్నవారు మమ్మల్ని అడగనిదే చేయకూడదు.

"తల దిగింది కనుక ఇంట్లోనే పురుడు పోయవచ్చు." తల బాగా దిగిన తల్లికి కూడా కాన్పు తరువాత రక్తం ఆగకపోవచ్చు. తల దిగడం దారిలో మొదటి మెట్టు మాత్రమే. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి.

11. ఎప్పుడు రావాలి?

36 వారాల తరువాత వారం వారం చెకప్‌కు రండి. దూరపు పల్లెలవారు తమ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా చూపించుకోవచ్చు. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితంగా ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నాయి.

పుట్టింటికి వెళ్ళే అమ్మాయిలు కార్డు, స్కానింగ్ కాగితాలు, రక్త పరీక్షలు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళండి. వెళ్ళిన వారంలోనే అక్కడి ఆసుపత్రిలో ఒకసారి చూపించుకోండి. ముందు ఆపరేషన్ అయినవారు ఆ కాగితం తప్పక తీసుకువెళ్ళాలి.

ఈ కిందివాటిలో ఏది కనిపించినా వెంటనే రండి: ఉమ్మనీరు పోవడం, రక్తం పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, విపరీతమైన తలనొప్పి, చూపు మసక, ఫిట్స్, జ్వరం, విడవకుండా ఉండే కడుపునొప్పి, 37 వారాలు నిండకముందే నడుము నొప్పితో, కింద బరువుతో కడుపు మాటిమాటికి గట్టిపడడం.

నొప్పుల విషయానికి వస్తే, పడుకుంటే తగ్గిపోయేవి, క్రమం లేనివి దొంగ నొప్పులు. నడుము నుండి ముందుకు వచ్చి, క్రమంగా దగ్గర దగ్గరగా, బలంగా వచ్చేవి అసలు నొప్పులు. తొలిచూలువారు ఐదు నిమిషాలకొకసారి నొప్పి వస్తూ గంటసేపు ఉంటే బయలుదేరాలి. మలిచూలువారు, దూరం నుండి వచ్చేవారు, ముందు ఆపరేషన్ అయినవారు అంతదాకా ఆగకూడదు. నొప్పులు మొదలవగానే బయలుదేరాలి.

12. ఇంట్లో ఒకరినొకరు అడిగి చూసుకోండి

ఈ పాఠం చదివాక భర్త, అత్తగారు, తల్లి కలిసి కూర్చుని ఈ ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి.

– మన అమ్మాయికి ఇప్పుడు ఎన్ని వారాలు? కార్డులో తల గురించి ఏమి రాశారు?

– రాత్రి రెండు గంటలకు నీరు పోతే ముందుగా ఏమి చేస్తాము?

– బిడ్డ ఈ రోజు బాగా కదిలిందా? ఆమెను ఎవరు అడిగారు?

– 108 రావడం ఆలస్యమైతే ఎవరి వాహనం? డ్రైవరు ఫోన్ నెంబరు ఎక్కడ రాసి ఉంది?

– పెద్దబిడ్డ ఉంటే, ఆ వేళ ఎవరి దగ్గర ఉంచుతాము?

జవాబు తెలియని ప్రశ్న ఏదైనా ఉంటే, దానిని కాగితం మీద రాసుకుని వచ్చే చెకప్‌కు తీసుకురండి. అడగడానికి మొహమాటపడకండి. మేము చెప్పడం మరచిపోతే గుర్తుచేయండి. "సిస్టరుగారూ, తల దిగలేదన్నారు, మరి నీరు పోతే మేమేం చేయాలి?" అని మీరే మమ్మల్ని అడగండి. ఆ ప్రశ్న ఒక బిడ్డను కాపాడవచ్చు.